కీబోర్డుతో మౌస్ నడపడం: మా సెంటర్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో నాకొక చిన్న నెట్ సెంటర్ ఉంది, అందులోనే డీటీపీ కూడా. పొద్దున అడంగల్, 1బి ప్రింట్లు, మధ్యాహ్నం స్కాలర్‌షిప్ ఫారాలు, సాయంత్రమైతే పెళ్ళి కార్డులు. ఇన్నేళ్లలో ఎన్ని మౌస్‌లు పారేశానో లెక్కలేదు. దుమ్ముకు కొన్ని పోయాయి, వైరు లోపల తెగి కొన్ని పోయాయి, ఒకదాని వైరునైతే నిజం ఎలుకే కొరికేసింది. నవ్వకండి, అప్పటికే వారం రోజులు కస్టమర్లంతా నవ్వారు. మౌస్ పోయినప్పుడల్లా నేను కీబోర్డు కుడిపక్కనున్న అంకెలు కొడుతూ పని కానిచ్చేస్తుంటాను. పక్క సీట్లో వాళ్లు అది చూసి అడిగే ప్రశ్నలే ఇవన్నీ. చెప్పిందే చెప్పలేక ఒకచోట రాసి పెడుతున్నాను.

ఒక్క మాట ముందే. స్క్రీన్ మీద తిరిగే ఆ బాణం గుర్తును మా దగ్గర కొందరు కర్సర్ అంటారు, కొందరు యారో అంటారు. కీబోర్డు మీద యారో కీలు వేరే ఉన్నాయి కాబట్టి గందరగోళం లేకుండా ఇక్కడ పాయింటర్ అనే రాస్తాను.

మౌస్ లేకుండా పాయింటర్ కదులుతుందా? దానికి ఏదైనా సాఫ్ట్‌వేర్ వేసుకోవాలా?

కదులుతుంది, ఏమీ వేసుకోనక్కర్లేదు. దాని పేరు మౌస్ కీస్. విండోస్ 95 నుంచి ప్రతి విండోస్‌లోనూ ఉంది, అంటే మనలో చాలామంది కంప్యూటర్ ముట్టుకోకముందు నుంచే ఉందన్నమాట. మనం ఎప్పుడూ ఆ మెనూలోకి పోము కాబట్టి తెలియదు, అంతే.

ఇది మౌస్ పాడైన వాళ్ల కోసం చేసింది కాదు. చేతులు సరిగ్గా పనిచేయని వాళ్లు కూడా కంప్యూటర్ వాడాలని అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలోని ట్రేస్ సెంటర్ వాళ్లు స్టిక్కీ కీస్, మౌస్ కీస్ లాంటివి తయారుచేస్తే, అవి తర్వాత విండోస్‌లో కలిశాయి. వాళ్లకది బండి. మనకు స్టెప్నీ. స్టెప్నీ టైరు మీద బెంగళూరు దాకా పోవాలనుకోకూడదు గానీ, హైవే మీద పంక్చరైనప్పుడు డిక్కీలో అది లేకపోతే ఎట్లుంటుందో మీకు తెలుసు.

ఆన్ చేయడం ఎలా? మౌసే లేనప్పుడు సెట్టింగ్స్‌లోకి ఎలా పోవాలి?

మూడు కీలు ఒకేసారి నొక్కాలి. ఎడమ పక్క ఆల్ట్, ఎడమ పక్క షిఫ్ట్, వాటితో పాటు నమ్ లాక్. కుడిపక్క ఆల్ట్, షిఫ్ట్ నొక్కితే రాదు, చాలామంది ఇక్కడే తప్పుచేసి "పనిచేయట్లేదన్నా" అంటారు. సరిగ్గా నొక్కితే ఒక కూత వినిపించి, మౌస్ కీస్ ఆన్ చేయాలా అని చిన్న బాక్స్ వస్తుంది. యెస్ మీద గీత ఉందో లేదో చూసుకుని ఎంటర్ కొట్టండి. లేకపోతే ట్యాబ్ కొట్టి దాని మీదికి పోండి.

ఆ మూడు కీలకు ఏమీ రాకపోతే, షార్ట్‌కట్ ఎవరో ఆఫ్ చేసి పెట్టి ఉంటారు. అప్పుడు విండోస్ కీ, యు కలిపి నొక్కండి, యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్ నేరుగా తెరుచుకుంటాయి. అక్కడ ట్యాబ్‌తో, కింది యారోతో మౌస్ అనే చోటికి పోయి ఎంటర్ కొట్టి, లోపల మౌస్ కీస్ స్విచ్ మీదికి వచ్చాక స్పేస్ బార్ కొడితే ఆన్ అవుతుంది. విండోస్ 10లో దీన్నే ఈజ్ ఆఫ్ యాక్సెస్ అంటారు, దారి మాత్రం ఒకటే.

ఏ అంకె కొడితే ఎటు పోతుంది?

కుడిపక్క నంబర్ ప్యాడ్ చూడండి, మధ్యలో 5 ఉంటుంది. దాని చుట్టూ ఉన్నవి దిక్కులు. 8 పైకి, 2 కిందికి, 4 ఎడమకు, 6 కుడికి. మూలల్లో ఉన్న 7, 9, 1, 3 ఐమూలగా పోతాయి. గుర్తుపెట్టుకోవడానికి కూడా ఏమీ లేదు, 5 మీద నిలబడి చుట్టూ చూస్తున్నట్టు అనుకోండి చాలు.

ఒక్క చిక్కు. ఫోన్‌లో అంకెలు కొట్టీ కొట్టీ మనకు 1, 2, 3 పై వరసలో ఉండటం అలవాటైపోయింది. కీబోర్డు మీద క్యాలిక్యులేటర్ మాదిరి 7, 8, 9 పైన ఉంటాయి. చూడకుండా కొడితే కిందికి పోవాల్సింది పైకి పోతుంది. 5 మీద వేలికి తగిలేలా ఒక చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది, తడిమి చూడండి. నడిమి వేలు దాని మీద పెట్టుకుంటే ఇంక కిందికి చూడక్కర్లేదు.

క్లిక్, డబుల్ క్లిక్?

5 కొడితే క్లిక్. ప్లస్ కొడితే డబుల్ క్లిక్.

రైట్ క్లిక్?

ఇది రెండు మెట్ల పని. ముందు మైనస్ కొట్టాలి, అంటే "ఇక నుంచి కుడి బటన్" అని చెప్పడం. తర్వాత 5 కొడితే రైట్ క్లిక్ అవుతుంది. పని అయ్యాక స్లాష్ కొడితే మళ్ళీ ఎడమ బటన్‌కు వస్తుంది.

నన్నడిగితే రైట్ క్లిక్‌కు ఇంత అవసరం లేదు. ఫైలు మీద ఉన్నప్పుడు షిఫ్ట్, ఎఫ్10 కలిపి కొడితే అదే మెనూ వస్తుంది. కొన్ని కీబోర్డుల్లో కుడిపక్క కంట్రోల్ దగ్గర చిన్న కాగితం బొమ్మ ఉన్న కీ ఒకటి ఉంటుంది, అదీ ఇదే పని చేస్తుంది.

ఎక్కడ 5 కొట్టినా క్లిక్ అవ్వకుండా మెనూనే వస్తోంది. వైరస్సా?

వైరస్ కాదు సామీ. పైన చెప్పిన మైనస్ ఎప్పుడో కొట్టి, స్లాష్ కొట్టడం మరిచిపోయారు. స్లాష్ ఒకసారి కొట్టండి, సరిపోతుంది. కొందరికి పొరపాటున వేలు స్టార్ మీద పడుతుంది, అప్పుడు రెండు బటన్లూ కలిపి నొక్కినట్టు లెక్క, క్లిక్ చేస్తే ఏదేదో అవుతుంది. దానికీ మందు ఆ స్లాషే.

డ్రాగ్ చేయడం కుదురుతుందా?

కుదురుతుంది, నా దృష్టిలో మౌస్ కీస్‌లో అసలు విలువైనది ఇదే. మిగతా పనులు ఏదో ఒక షార్ట్‌కట్‌తో అయిపోతాయి, లాగి వదలడం మాత్రం చాలాచోట్ల షార్ట్‌కట్‌తో అవ్వదు. 0 కొడితే బటన్ నొక్కి పట్టుకున్నట్టు. ఆ తర్వాత అంకెలతో కావలసిన చోటికి జరపాలి. అక్కడికి చేరాక చుక్క కొడితే వదిలినట్టు.

ఇది నాకు ఒంటికి పట్టింది ఒక చివరి తేదీ రాత్రి. ఉరవకొండ పక్క పల్లె నుంచి ఒకమ్మాయి, వాళ్ల నాయన వచ్చారు. ఏదో ఉద్యోగానికి అప్లికేషన్, రాత్రి 11:59కి సైటు మూసేస్తారు. వాళ్లు సెంటర్‌కు వచ్చేసరికే పది దాటింది, బస్సు లేటు. పేరు, ఊరు, మార్కులు అన్నీ నింపాం. ఫోటో పెట్టే దగ్గర మౌస్ ఆగిపోయింది, కింద ఎర్ర లైటు కూడా వెలగలేదు. పోర్టు మార్చి చూశాను, ఊహూఁ. రెండో సిస్టమ్ మౌస్ అప్పటికే ఎలుక పాలయింది. ఆ టైములో షాపు తెరిచి మౌస్ ఇచ్చేదెవరు?

ఆ సైటులో ఫోటో ఎక్కించాక దాని మీద ఒక చతురస్రం వస్తుంది, దాన్ని జరిపి ముఖం అందులో పట్టేలా పెట్టాలి. ట్యాబ్ ఎన్నిసార్లు కొట్టినా ఆ చతురస్రం మీదికి పోలేదు. మౌస్ కీస్ ఆన్ చేశాను. 4, 8 కొడుతూ పాయింటర్‌ను చతురస్రం మధ్యలోకి తెచ్చి, 0 కొట్టి, 8 పట్టుకున్నాను. చతురస్రం పైకి జరిగింది, కానీ ఎక్కువ జరిగి గడ్డం తెగిపోయింది. అప్పుడు 2 మీద ఒక్కొక్క దెబ్బ, టక్, టక్, టక్, గడ్డం కనిపించేదాకా. చుక్క కొట్టి వదిలాను. తర్వాత మూల పట్టుకుని 3తో రొంత పెద్దది చేశాను. ఆయన నా వెనకే నిలబడి, "ఏమప్పా, లెక్కల మిషను మాదిరి కొడుతున్నావు, ఫోటో యాడికి పోతోంది?" అన్నాడు. సబ్మిట్ కొట్టేసరికి 11:47. ప్రింటు తీసి ఇస్తే ఆ అమ్మాయి అప్లికేషన్ నంబరు మూడుసార్లు చదువుకుంది.

చాలా మెల్లగా పోతోంది. ఈ మూల నుంచి ఆ మూలకు పోయేసరికి టీ చల్లారిపోతోంది.

కీ నొక్కి పట్టుకుంటే మొదట మెల్లగా బయల్దేరి పోనుపోను వేగం పుంజుకుంటుంది. మీరు టక్ టక్ అని కొడుతుంటే మాత్రం ప్రతిసారీ మొదటికే వస్తుంది. దూరం పోవాలంటే పట్టుకోండి, దగ్గరైతే కొట్టండి.

సెట్టింగ్స్‌లో మౌస్ కీస్ కిందే స్పీడ్, యాక్సిలరేషన్ అని రెండు ఉంటాయి. స్పీడ్ అంటే చివరికి ఎంత జోరుగా పోవాలి, యాక్సిలరేషన్ అంటే ఆ జోరు ఎంత తొందరగా అందుకోవాలి. నేను రెండోదాన్ని బాగా పెంచి, మొదటిదాన్ని మధ్యస్థంగా ఉంచుకుంటాను. రెండూ చివరిదాకా పెంచితే పాయింటర్ తెంచుకున్న గిత్త మాదిరి పోతుంది, ఆపాలనుకున్న చోట ఆగదు.

అక్కడే ఇంకో టిక్కు ఉంటుంది, అది తప్పకుండా పెట్టుకోండి. కంట్రోల్ పట్టుకుంటే వేగం, షిఫ్ట్ పట్టుకుంటే నిదానం. కంట్రోల్ పట్టుకుని 6 కొడితే గంతులేస్తూ పోతుంది, బటన్ దగ్గరికి వచ్చాక షిఫ్ట్ పట్టుకుని చిన్నగా జరుపుకోవచ్చు. డీటీపీ చేసేవాళ్లకు ఈ షిఫ్ట్ సంగతి మౌస్ బాగున్నా పనికొస్తుంది. పెళ్ళి కార్డులో వినాయకుడి బొమ్మను నడిమధ్యకు తేవాలంటే మౌస్‌తో చెయ్యి వణికి వెంట్రుకవాసి అటో ఇటో పోతుంది. దీంతో పట్టుకుని జరిపితే ఎక్కడ ఆపితే అక్కడే ఆగుతుంది.

ఇది ఆన్‌లో ఉంటే అంకెలు పడటం లేదు. ఆధార్ నంబరు ఎలా కొట్టాలి?

కీబోర్డు పైవరస అంకెలతో కొట్టండి, వాటికి దీంతో సంబంధం లేదు. కానీ ట్యాలీలో కూర్చునేవాళ్లు, రోజంతా ఆధార్లు, ఫోన్ నంబర్లు కొట్టేవాళ్లు నంబర్ ప్యాడ్ లేకుండా బతకలేరు. వాళ్లకోసం ఒక కిటుకు ఉంది.

మామూలుగా నమ్ లాక్ లైటు వెలుగుతున్నప్పుడే మౌస్ కీస్ పనిచేసేలా పెట్టి ఉంటుంది. లైటు ఆర్పితే పాయింటర్ కదలదు, కానీ అంకెలూ పడవు, హోమ్, ఎండ్, యారోల పని చేస్తాయి. ఇది తిరగేసుకోవాలి. పాత కంట్రోల్ ప్యానెల్‌లో ఈజ్ ఆఫ్ యాక్సెస్ సెంటర్‌లోకి పోయి, మౌస్ వాడకం సులువు చేసే పేజీలో సెటప్ మౌస్ కీస్ తెరిస్తే, నమ్ లాక్ ఆన్‌లో ఉన్నప్పుడా, ఆఫ్‌లో ఉన్నప్పుడా అని అడుగుతుంది. ఆఫ్ అని పెట్టుకోండి. ఇక నమ్ లాక్ వెలిగితే అంకెలు, ఆరితే మౌస్. ఒక్క కీతో అటూ ఇటూ మారుతుంటారు. నా సిస్టమ్‌లో ఎప్పటి నుంచో ఇలాగే ఉంది.

నా లాప్‌టాప్‌కు నంబర్ ప్యాడే లేదు, మరి?

ఇక్కడ విండోస్ మనల్ని వదిలేసిందనే చెప్పాలి. పై వరస అంకెలతో ఇది పనిచేయదు, నంబర్ ప్యాడ్ కావాల్సిందే. కొన్ని పాత లాప్‌టాప్‌లలో జె, కె, ఎల్, యు, ఐ, ఓ కీల మూలన చిన్న అంకెలు వేరే రంగులో అచ్చేసి ఉంటాయి. అలా ఉంటే ఎఫ్ఎన్ కీతో నమ్ లాక్ ఆన్ చేస్తే ఆ అక్షరాలే నంబర్ ప్యాడ్ అవుతాయి, మౌస్ కీస్ కూడా వాటితో నడుస్తుంది. కొత్తవాటిలో ఆ అచ్చు కనిపించడమే మానేసింది.

విడిగా యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ దొరుకుతుంది, కానీ కొనడానికి షాపు దాకా పోయినవాళ్లు మౌసే కొనుక్కోవచ్చు కదా. పాత కీబోర్డు ఒకటి ఇంట్లో ఉంటే లాప్‌టాప్‌కు తగిలించండి, అది చాలు. కంప్యూటర్ మీద కొంచెం చెయ్యి తిరిగినవాళ్లయితే ఆటోహాట్‌కీ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో నాలుగు వరసలు రాసుకుని ఇష్టమైన కీలను పాయింటర్‌కు ముడిపెట్టుకోవచ్చు. మా తమ్ముడు అలా పెట్టుకున్నాడు. వాడి లాప్‌టాప్ ఇంకెవరూ వాడలేరు, అది వేరే విషయం.

లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది. రిపేరుకు ఇవ్వాలా?

ఆగండి. ముందు పై వరస ఎఫ్ కీల మీద టచ్‌ప్యాడ్ బొమ్మ, దానికి అడ్డంగా గీత ఉన్న కీ ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే ఎఫ్ఎన్ పట్టుకుని దాన్ని నొక్కండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే పదికి తొమ్మిదిసార్లు ఇదే కారణం. కర్నూలు నుంచి మా బావ ఫోన్ చేసి టచ్‌ప్యాడ్ మార్చడానికి ఎంతవుతుందని అడిగితే, ఫోన్‌లోనే ఈ కీ నొక్కించాను. రిపేరు ఖర్చు సున్నా. వాళ్ల పాప యూట్యూబ్ సౌండ్ తగ్గిద్దామని పక్క కీ నొక్కింది, అంతే సంగతి.

దానికీ రాకపోతే సెట్టింగ్స్‌లో టచ్‌ప్యాడ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. మౌస్ తగిలిస్తే టచ్‌ప్యాడ్ ఆగిపోవాలా అనే టిక్కు కూడా అక్కడే ఉంటుంది. వైర్‌లెస్ మౌస్ రిసీవర్ పోర్టులో మరిచిపోయి, మౌసేమో ఇంట్లో వదిలేసి వచ్చిన వాళ్లకు ఇది బాగా తగులుతుంది.

మౌస్ కీస్ లేకుండా మామూలు కీబోర్డు షార్ట్‌కట్లతో పని గడవదా?

చాలావరకు గడుస్తుంది. నిజం చెప్పాలంటే మౌస్ పోయినప్పుడు నేను మౌస్ కీస్ వాడేది పది పనుల్లో రెండింటికే. ఫారం నింపేటప్పుడు ట్యాబ్ కొడితే తర్వాతి గడి, షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్ కొడితే వెనకటి గడి. టిక్కు పెట్టాలంటే స్పేస్ బార్. జిల్లా పేరు ఎంచుకునే జాబితాలో యారోలతో దిగుతూ కూర్చోకుండా మొదటి అక్షరం కొడితే అక్కడికే దూకుతుంది. ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి పోవాలంటే ఆల్ట్, ట్యాబ్. ఫైళ్లు తెరవాలంటే విండోస్ కీ, ఇ. పేరు మార్చాలంటే ఎఫ్2. మూసేయాలంటే ఆల్ట్, ఎఫ్4. బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టే చోటికి కంట్రోల్, ఎల్.

షట్‌డౌన్ చేయడానికి విండోస్ కీ, ఎక్స్ కలిపి కొట్టి, తర్వాత యు, మళ్ళీ యు. మౌస్ పోయిందని పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, చేసిన పనంతా పోతుంది కదా.

ట్యాబ్‌తో కుదరనివి కొన్నే. ఫోటో క్రాప్ చెప్పాను. మ్యాప్ మీద ఒక చోట నొక్కడం ఒకటి. పాయింటర్ మీదికి పోతేనే తెరుచుకునే మెనూలు ఇంకోటి, ప్రభుత్వ సైట్లలో ఇవి ఎక్కువ, పైన పేరు మీద పాయింటర్ ఆపితే కింద జాబితా వేలాడుతుంది. అలాంటి చోట మౌస్ కీస్ ఆన్ చేసి పాయింటర్‌ను తీసుకెళ్లి ఆ పేరు మీద పెట్టాల్సిందే.

స్క్రోల్ చేయడం ఎలా? చక్రం కీ ఏది?

చక్రం కీ లేదు. పేజ్ డౌన్, పేజ్ అప్ వాడండి, నంబర్ ప్యాడ్ మీదున్న 3, 9 కాదు, పక్కన విడిగా ఉండేవి. బ్రౌజర్‌లో స్పేస్ బార్ కొడితే ఒక తెర కిందికి, షిఫ్ట్‌తో కొడితే పైకి.

పాయింటర్ ఎక్కడుందో కనపడటం లేదు.

మౌస్ అయితే నాలుగుసార్లు అటూ ఇటూ ఊపి కనుక్కుంటాం, ఇక్కడ ఊపడానికి ఏమీ లేదు. మౌస్ సెట్టింగ్స్‌లో పాత పాయింటర్ ఆప్షన్స్ తెరిస్తే, కంట్రోల్ నొక్కినప్పుడు పాయింటర్ చుట్టూ వలయం చూపించమనే టిక్కు ఉంటుంది. అది పెట్టుకోండి. లేదంటే కంట్రోల్, 7 పట్టుకుని ఎడమ పై మూలకు తోసేయండి, అక్కడ గోడకు ఆనుకుని ఉంటుంది, అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

షిఫ్ట్ నాలుగైదుసార్లు కొడితే వేరే బాక్స్ వచ్చింది. అదేంటి?

అది స్టిక్కీ కీస్, షిఫ్ట్ ఐదుసార్లు వరసగా కొడితే వస్తుంది. కుడి షిఫ్ట్ ఎనిమిది సెకన్లు అలాగే పట్టుకుంటే ఫిల్టర్ కీస్ అని ఇంకోటి వస్తుంది. అవసరం లేకపోతే ఎస్కేప్ కొట్టండి. ఫిల్టర్ కీస్ పొరపాటున ఆన్ అయితే కీబోర్డు మొద్దుబారినట్టు అనిపిస్తుంది, ఒక్కో అక్షరం గట్టిగా పట్టుకుంటే గానీ పడదు. కీబోర్డు పాడైందని మార్చేసినవాళ్లు కూడా ఉన్నారు.

మా ఇంట్లో ఒకరికి ఒక చెయ్యి సరిగ్గా పనిచేయదు. వాళ్లకు ఇది పనికొస్తుందా?

ముందే చెప్పినట్టు ఇది పుట్టిందే వాళ్ల కోసం. మా మేనమామకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆయన రిటైరైన టీచరు, పెన్షన్ కాగితాలు, పేపరు చదవడం అన్నీ కంప్యూటర్‌లోనే. ఎడమ చేత్తో మౌస్ పట్టుకుంటే చెయ్యి అదిరి ఎక్కడో క్లిక్ పడేది, విసుగొచ్చి ముట్టుకోవడమే మానేశాడు. నేను పోయి మౌస్ కీస్ పెట్టి, విడి నంబర్ ప్యాడ్ ఒకటి తెచ్చి ఎడమ పక్కన పెట్టాను. అదిరే చేతికి పాయింటర్‌ను పట్టుకోవడం కష్టం గానీ కీ నొక్కడం అంత కష్టం కాదు. పైగా వేలు తీసేస్తే పాయింటర్ ఉన్నచోటే ఉంటుంది, క్లిక్ చేసేటప్పుడు కదలదు. ఆ ఒక్క తేడాతోనే ఆయనకు ధైర్యం వచ్చింది.

ఇలాంటి వాళ్లకు మూడు విషయాలు. మూడు కీలు కలిపి నొక్కే షార్ట్‌కట్ ఒంటి చేత్తో కష్టం, కాబట్టి సెట్టింగ్స్‌లోనే ఆన్ చేసి అలాగే వదిలేయండి. స్పీడ్ తగ్గించి పెట్టండి, తొందరేముంది. స్టిక్కీ కీస్ కూడా ఆన్ చేయండి, దాంతో కంట్రోల్, సి లాంటివి కలిపి నొక్కకుండా ఒకదాని తర్వాత ఒకటి నొక్కితే సరిపోతుంది. ఇంకోటి, పక్కన కూర్చుని "ఇట్ల కాదు మామా, నేను చేస్తా ఉండు" అని కీబోర్డు లాక్కోకండి. మొదటి వారం నేను అదే తప్పు చేశాను, ఆయన చెయ్యి తీసేసి ఊరకే కూర్చున్నాడు.

మ్యాక్‌లో, లైనక్స్‌లో ఉందా?

రెండింటిలోనూ ఉంది. మ్యాక్‌లో యాక్సెసిబిలిటీలో పాయింటర్ కంట్రోల్ కింద ఉంటుంది. అక్కడే ఒక ఆప్షన్ పెట్టుకుంటే ఆప్షన్ కీ ఐదుసార్లు కొట్టి ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు. ఈ విషయంలో మ్యాక్ వాళ్లు మేలు, నంబర్ ప్యాడ్ లేకపోయినా పనిచేస్తుంది. 7, 8, 9, యు, ఓ, జె, కె, ఎల్ దిక్కులు, నడుమ ఐ కొడితే క్లిక్, ఎం కొడితే పట్టుకోవడం, చుక్క కొడితే వదలడం. కాకపోతే ఆన్‌లో ఉన్నంతసేపు ఆ అక్షరాలు టైపు కావు.

లైనక్స్‌లో గ్నోమ్ వాడేవాళ్లకు సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, పాయింటింగ్ అండ్ క్లిక్కింగ్‌లో దొరుకుతుంది. అక్కడ నమ్ లాక్ ఆఫ్‌లో ఉంటేనే పాయింటర్ కదులుతుంది, విండోస్‌కు తిరకాసు.

ఎనీడెస్క్‌లో ఎవరైనా మా కంప్యూటర్ నడపొచ్చా, మా మౌస్ పాడైనప్పుడు?

నడపొచ్చు, ఎనీడెస్క్ అంటేనే దూరం నుంచి ఇంకొకరి కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్. అవతలి వాళ్ల మౌస్‌తోనే మీ పాయింటర్ కదులుతుంది. మీరు చేయాల్సిందల్లా ఒప్పుకునే బటన్ మీదికి ట్యాబ్‌తో పోయి ఎంటర్ కొట్టడం. తెలిసినవాళ్లకు మాత్రమే ఇవ్వండి, బ్యాంకు నుంచి అని ఫోన్ చేసేవాళ్లకు కాదు.

ఆన్‌లైన్ పరీక్ష రాస్తుంటే మౌస్ ఆగిపోతే ఇది వాడొచ్చా?

వద్దు. పరీక్ష హాల్లో కీబోర్డు జోలికి పోకండి, చెయ్యెత్తి ఇన్విజిలేటర్‌కు చెప్పండి, సిస్టమ్ మార్చడం వాళ్ల పని. తెలివి చూపించబోయి ఏదో కీ కొట్టి పరీక్ష స్క్రీన్ పోగొట్టుకుంటే టెన్షన్ మీకే.

పని అయ్యాక ఆఫ్ చేయాలా?

సొంత కంప్యూటర్ అయితే మీ ఇష్టం. పదిమంది కూర్చునే సిస్టమ్ అయితే తప్పకుండా ఆఫ్ చేయండి, అవే మూడు కీలు, ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్. ఆ ఉరవకొండ అమ్మాయి అప్లికేషన్ పూర్తయిన మర్నాడు పొద్దున, అదే సిస్టమ్ మీద ఒకాయన ట్యాలీ బిల్లులు కొట్టడానికి కూర్చున్నాడు. నేను కొత్త మౌస్ కోసం బజారుకు పోయి ఉన్నాను. వచ్చేసరికి ఆయన కీబోర్డు తిరగేసి టేబుల్ మీద తట్టి దుమ్ము దులుపుతున్నాడు, "అంకెలు పడట్లేదు, ఏది కొట్టినా బాణం పోతోంది, నీ కీబోర్డుకు దయ్యం పట్టింది" అని. ఇప్పుడు ప్రతి మానిటర్ కింద ఒక చీటీ అంటించి ఉంది, స్కెచ్ పెన్నుతో ఆ మూడు కీల పేర్లు రాసి.